మూసలో మిగిలే 56

నా ఉద్యోగం ఒక గ్రాము రాయిపొడితో మొదలైంది. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని అదే. సున్నపురాయిని మెత్తగా నూరి, సరిగ్గా ఒక గ్రాము తూచి, చిన్న ప్లాటినం మూసలో వేసి, 950 డిగ్రీల ఫర్నేసులో పెట్టాలి. గంట తర్వాత పొడవాటి పటకారుతో బయటికి తీసి, చెమ్మ తగలకుండా గాజు డెసికేటర్‌లో చల్లార్చి, మళ్ళీ తూచాలి. లోపల పెట్టినది తెల్లటి పొడే, బయటికి వచ్చినదీ తెల్లటి పొడే. కంటికి తేడా ఏమీ తెలియదు. త్రాసు మాత్రం 0.61 అని చూపిస్తుంది.

మొదటిసారి నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను. పొడి ఒలికిందేమోనని ఫర్నేసు అడుగున వెతికాను కూడా. పక్కనున్న సీనియర్ నవ్వి, "ఎక్కడికీ పోలేదులే, గాల్లోకి పోయింది" అన్నాడు.

స్వచ్ఛమైన సున్నపురాయి 100 గ్రాములు కాలిస్తే 56 గ్రాముల సున్నం మిగులుతుంది. మిగతా 44 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్ళిపోతుంది. మా రాయిలో కాస్త మట్టీ ఇసుకా కలిసి ఉండేవి కాబట్టి పోయేది కొంచెం తక్కువ, అంతే. బొగ్గుతో కాల్చినా, గ్యాసుతో కాల్చినా, ఎండతో పుట్టిన కరెంటుతో కాల్చినా ఆ 44 పోవాల్సిందే. అది పోతేనే సున్నం, సున్నం ఉంటేనే సిమెంటు. సిమెంటు పరిశ్రమ కాలుష్యం గురించి ఎవరు ఏం చెప్పినా, నేను ముందు చూసేది ఈ 44 గురించి వాళ్ళేమంటున్నారా అనే. చాలామంది దాన్ని దాటేసి చిమ్నీ దగ్గరికి పోతారు.

చిమ్నీ మోసం చేస్తుంది. ఒకప్పుడు సిమెంటు ఫ్యాక్టరీ అంటే దుమ్ము. చుట్టుపక్కల చెట్ల ఆకులన్నీ బూడిదరంగులో ఉండేవి. ఇప్పుడు పెద్ద పెద్ద బ్యాగ్ ఫిల్టర్లు వచ్చి ఆ దుమ్మును చాలావరకు పట్టేస్తున్నాయి. పైనుంచి తెల్లగా కాస్త ఆవిరి కనిపిస్తుంది, లేదా ఏమీ కనిపించదు. చూసినవాళ్ళు ఫ్యాక్టరీ శుభ్రంగా ఉందనుకుంటారు. కార్బన్ డయాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. దుమ్ము పోయింది, అసలు సరుకు అలాగే పోతోంది.

లెక్క చెప్పుకుందాం. ప్రపంచం ఏడాదికి సుమారు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారు చేస్తోంది. అందులో దాదాపు సగం ఒక్క చైనాలోనే. మనుషుల వల్ల గాల్లోకి పోయే మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం సిమెంటు వాటా. ఈ వాటాలో సుమారు 60 శాతం రాయిలోంచి వచ్చేదే, అంటే నా మూసలోంచి మాయమైనది. మిగతాది ఇంధనం, కరెంటు. ఒక్క బస్తా స్థాయిలో చెప్పాలంటే, మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు 50 కిలోల బస్తా తయారవ్వడానికి దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. బస్తా ఎత్తినప్పుడు భుజం మీద ఒక బరువు, గాల్లో దాదాపు అంతే ఇంకో బరువు.

ఇంధనం సంగతి తొందరగా ముగించేస్తాను. అక్కడ చేయాల్సినది చాలావరకు తెలిసిందే, చాలాచోట్ల అయిపోయింది కూడా. బట్టీలో రాయి కాలితే వచ్చే సరుకు క్లింకర్, దాన్ని నూరితేనే సిమెంటు. పాత తడి పద్ధతిలో టన్ను క్లింకర్‌కి 5, 6 గిగాజౌళ్ల వేడి పట్టేది. ఇప్పటి పొడి పద్ధతిలో, పైన సైక్లోన్ల (వేడి గాలి సుడి తిరిగే గరాటుల) టవరులో పొడిని ముందే వేడి చేసి బట్టీలోకి పంపితే 3 చిల్లరతో సరిపోతుంది. ఇంకా తగ్గించవచ్చు కానీ కొండంత కాదు. బొగ్గుకు బదులు పాత టైర్లు, చెత్త, పొట్టు కాలుస్తారు. జర్మనీ బట్టీలు తమ వేడిలో మూడింట రెండు వంతులకు పైగా ఇలాంటి వాటితోనే తెచ్చుకుంటున్నాయి. మంచిదే. 1450 డిగ్రీల దగ్గర విషపు పదార్థాలు కూడా చాలావరకు విరిగిపోతాయి, బూడిద క్లింకర్‌లోనే కలిసిపోతుంది. కానీ టైరు కాలినా కార్బనే వస్తుంది. బ్రోషర్ మీద పచ్చటి ఆకు బొమ్మ వేసి "ప్రత్యామ్నాయ ఇంధనం" అని రాసుకున్నంత మాత్రాన రాయిలోంచి పోయే 60 శాతంలో ఒక్క కిలో తగ్గదు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత గుర్తొస్తుంది.

మరి రాయిలోంచి పోయేది తగ్గాలంటే? రాయిని తక్కువ కాల్చాలి. అంటే క్లింకర్ తక్కువ వాడాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. కాకపోతే క్లింకర్ ఎంత వాడాలో నిర్ణయించేది బట్టీ దగ్గర కాదు. అది కాంక్రీటులో ఏది ఎంత కలపాలో రాసే మిక్స్ డిజైన్ కాగితం మీద సంతకం పెట్టే బల్ల దగ్గర. ఆ బల్ల దగ్గర నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను.

ముందు క్లింకర్ అంటే ఏమిటో చూద్దాం. సున్నపురాయి, కాస్త మట్టి, కొంచెం ఇనుప ఖనిజం కలిపి నూరిన పొడి, వంపుగా పడుకోబెట్టి మెల్లగా తిరిగే గొట్టంలాంటి బట్టీలో 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సగం కరిగీ కరగక ఉండలు కడుతుంది. రెండో చివర నుంచి నల్లటి బూడిదరంగు గోలీలు రాలతాయి. అదే క్లింకర్. దీనికి 5 శాతం దాకా జిప్సం కలిపి నూరితే మామూలు సిమెంటు. జిప్సం లేకపోతే నీళ్ళు తగలగానే గట్టిపడిపోయి పని చెయ్యనివ్వదు. 1824లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రి "పోర్ట్‌లాండ్ సిమెంటు" అని పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి క్లింకర్ అంత వేడిలో కాలినది కాదు అతనిది. పేరు మాత్రం నిలిచింది.

ఆ గోలీల్లో ముఖ్యమైనవి రెండు ఖనిజాలు. ఎలైట్, బెలైట్. ఎలైట్ తొందరగలది. మొదటి రోజు నుంచే బలం ఇస్తుంది. బెలైట్ నిదానం. వారాలు, నెలలు తీసుకుంటుంది, చివరికి బలం మాత్రం తక్కువేం ఇవ్వదు. ఎలైట్‌లో సున్నం 74 శాతం దాకా, బెలైట్‌లో 65 దాకా ఉంటుంది. ఎలైట్ తయారవ్వాలంటే వేడి కూడా ఎక్కువ కావాలి. అంటే రేపే గట్టిపడాలి, వారంలో సెంట్రింగ్ విప్పెయ్యాలి అని మనం అడిగిన కొద్దీ క్లింకర్‌లో ఎలైట్ పెంచుతారు, ఎలైట్ పెరిగిన కొద్దీ రాయిలోంచి ఎక్కువ పోతుంది. తొందర కూడా ఇక్కడ కార్బనే. ఈ మాట నేను సైటులో చెబితే నవ్వారు. నవ్వినా నిజమే.

క్లింకర్‌కి బదులు ఏం కలపాలో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసులో మిగిలే స్లాగ్‌ను నీళ్ళతో ఒక్కసారిగా చల్లబరిస్తే గాజు ఇసుకలా అవుతుంది. నూరితే సిమెంటులో పావు వంతు నుంచి సగానికి పైగా కూడా వెయ్యవచ్చు. బొగ్గుతో కరెంటు తీసేచోట మిగిలే ఫ్లై యాష్ పావు నుంచి మూడో వంతు దాకా కలుస్తుంది. రెండూ దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే, రెండూ ఉప్పునీటి దగ్గరా భూమిలోనూ వట్టి సిమెంటు కన్నా మన్నేవే. కానీ చిక్కేమిటంటే, బొగ్గు కరెంటు తగ్గాలని మనమే అంటున్నాం, ఇనుము కూడా బ్లాస్ట్ ఫర్నేసు వదిలి విద్యుత్ ఫర్నేసు వైపు వెళ్ళాలంటున్నాం. ఆ రెండూ తగ్గితే ఈ రెండు పొడులూ తగ్గుతాయి. ఇప్పటికే ప్రపంచంలో దొరికే మంచి స్లాగ్ దాదాపు అంతా ఎక్కడో ఒకచోట వాడేస్తున్నారు. నా కాంక్రీటులో స్లాగ్ పెంచి నేను గొప్పలు పోతే, ఇంకెవరి కాంక్రీటులోనో అది తగ్గింది.

అందుకే మట్టి. ఈ మట్టి గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది.

కేయొలిన్ ఉన్న బంకమట్టిని 700 నుంచి 850 డిగ్రీల దాకా కాల్చితే అది చురుకైన పొడిగా మారుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు మిగిలిపోయే సున్నంతో కలిసి జిగురు కడుతుంది. పింగాణీకి పనికొచ్చే మేలురకం తెల్లమట్టే అక్కర్లేదు, కేయొలిన్‌లోని ముఖ్య ఖనిజం కేయొలినైట్ 40 శాతం ఉన్న మామూలు మట్టి చాలు. స్విట్జర్లాండ్‌లోని లొజాన్ సాంకేతిక విద్యాసంస్థలో కారెన్ స్క్రీవెనర్, క్యూబాలో ఫెర్నాండో మార్టిరెనా, భారత ఐఐటీల పరిశోధకులు కలిసి దీన్నే ఎల్‌సీ3 (సున్నపురాయి, కాల్చిన మట్టి కలిపిన సిమెంటు) అనే పేరుతో ముందుకు తెచ్చారు. వాళ్ళ ప్రధాన మిశ్రమంలో క్లింకర్ 50 శాతం, కాల్చిన మట్టి 30, కాల్చని సున్నపురాయి పొడి 15, జిప్సం 5. అందులో అసలు తమాషా సున్నపురాయి పొడిది. ఒట్టి మట్టి మాత్రమే కలిపితే సగం క్లింకర్ తీసెయ్యడం కష్టం. మట్టిలోని అల్యూమినా, కాల్చని రాయిలోని కార్బొనేటు కలిసి ఇంకో రకం స్ఫటికాలు కట్టి సందులు పూడుస్తాయి. ఏడు రోజులకల్లా మామూలు సిమెంటు బలాన్ని అందుకుంటుంది. కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది.

నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. అదే మూసలో రాయికి బదులు ఈ మట్టి వేసి కాల్చాను ఒకసారి. త్రాసు అప్పుడు కూడా తగ్గుదల చూపించింది, వందకు పదికి పైగానే. ఈసారి గాల్లోకి పోయినది నీటి ఆవిరి. మట్టిలో కట్టుబడి ఉన్న నీరు. ఆ రోజు ఆ అంకె రిజిస్టర్లో రాస్తుంటే, చేస్తున్న పని మీద చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ ఇష్టం కలిగింది.

లోపాలు లేవని అనను. కాల్చిన మట్టి రేణువులు పలకల్లా ఉంటాయి, నీళ్ళు ఎక్కువ తాగుతాయి. కాంక్రీటు బిగుసుకుపోయి పంపులో కదలదు. నీళ్ళు పెంచకుండానే కాంక్రీటుని జారేలా చేసే ప్లాస్టిసైజర్ మోతాదు పెంచాలి, అది డబ్బుతో పని. మట్టిలో ఇనుము ఉంటే సిమెంటు ఎర్రబారుతుంది. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ అమ్మకంలో పెద్ద అడ్డంకి. సిమెంటు అంటే బూడిదరంగే అని మనసులో ముద్ర పడిపోయింది. గులాబీ ఛాయ కనిపిస్తే చాలు, కల్తీ అంటారు. దాంతో కాల్చిన మట్టిని గాలి తగలనివ్వకుండా చల్లార్చి బూడిదరంగు తెప్పించే ఏర్పాట్లు చేస్తున్నారు. పైన రంగులు వేసి కప్పేసే గోడకి లోపలి రంగు కోసం ఇంత తిప్పలు.

ఇక బల్ల దగ్గరికి వద్దాం.

ఫ్యాక్టరీ వదిలి నేను రెడీమిక్స్ కాంక్రీటు ల్యాబుకి మారాను. అక్కడ బతుకంతా క్యూబుల చుట్టూ తిరుగుతుంది. 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చులో కాంక్రీటు పోసి, మర్నాడు విప్పి, నీళ్ళ తొట్టిలో వేసి, 7 రోజులకొకటి 28 రోజులకొకటి తీసి మిషన్‌లో నొక్కి పగలగొట్టాలి. క్యూబు ఎనిమిది కిలోలుంటుంది. తొట్టిలోంచి తీసి గుడ్డతో తుడిచి, పోతపోసిన పైముఖం పక్కకు వచ్చేలా ప్లేట్ల మధ్య పెట్టి, లోడ్ ఎక్కించాలి. ముల్లు నెమ్మదిగా పైకి పోతుంది. ముందు సన్నగా చిటచిట శబ్దం, తర్వాత మూలల నుంచి పెచ్చులు, చివరికి టప్పున ఒక్క దెబ్బ. నాలుగు పక్కలూ ఊడిపోయి, మధ్యలో బుడబుక్కల డమరుకంలా నడుము సన్నబడిన ముక్క మిగిలితే అది మంచి పగులు. 25 గ్రేడు కాంక్రీటు (చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాల్సినది) అయితే ఆ ముల్లు కనీసం 562 కిలోన్యూటన్లు దాటాలి. మా ముల్లు ఎప్పుడూ 800 దగ్గర ఆగేది. అందరూ సంతోషించేవాళ్ళు.

సంతోషించాల్సిన విషయమేనా అది? 25 అడిగితే 35 ఇచ్చాం. ఆ పైన పది ఎవరి కోసం?

కొంత న్యాయమే. కాంక్రీటు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది కాబట్టి సగటు పైన ఉండాలి. లెక్క ఇలా ఉంటుంది: అడిగిన బలానికి, మన దగ్గర వచ్చే హెచ్చుతగ్గుల కొలతను 1.65తో గుణించి కలపాలి. హెచ్చుతగ్గులు 4 అయితే 25కి 31.6 గురి పెట్టాలి. 6 అయితే దాదాపు 35. అంటే ఇసుకలో తేమ సరిగ్గా కొలవనివాడు, లారీలో నీళ్ళు పోసేవాడిని ఆపలేనివాడు, క్యూబు సరిగ్గా పొయ్యనివాడు ఆ నిర్లక్ష్యం ఖరీదు సిమెంటుతో కడుతున్నాడు. ఆ సిమెంటు ఖరీదు గాలి కడుతోంది. ఇసుక తేమ కొలిచే సెన్సర్‌ని ఎవరూ వాతావరణ పరికరం అనరు. నా దృష్టిలో అది అదే.

మిగతాది భయం. ఆ భయం గురించి పై నుంచి మాట్లాడే అర్హత నాకు లేదు, ఎందుకంటే ఆ పని నేనే చేశాను. ఒక పెద్ద భవనానికి ట్రయల్ మిక్సులు వేశాం. ఘనపు మీటరుకు 310 కిలోల సిమెంటుతో ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి, మూడుసార్లు వేశాం, మూడుసార్లూ వచ్చాయి. ఫైనల్ కాగితం రాసేటప్పుడు నా చెయ్యి 340 రాసింది. ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను. సైటులో ఎవడో నీళ్ళు పోస్తాడు, ఎవడో క్యూబు పాడుచేస్తాడు, రిజల్టు పడిపోతే కాగితం మీద ఉండే పేరు నాది. 30 కిలోలు నా నిద్రకి చెల్లించిన బీమా. ఆ భవనానికి ఆరు వేల ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టింది. 180 టన్నుల సిమెంటు. దాదాపు 150 టన్నుల కార్బన్ డయాక్సైడ్. మొత్తం పని అయ్యేదాకా ఒక్క క్యూబు కూడా 34 కిందికి రాలేదు. ఎందుకింత ఎక్కువ వస్తోందని నన్ను ఎవరూ అడగలేదు. తక్కువొస్తే సంజాయిషీ, ఎక్కువొస్తే శభాష్. ఈ ఆటలో ఎవడైనా ఏం చేస్తాడు?

నా పైన స్ట్రక్చరల్ డిజైనర్ ఉంటాడు. అతను లోడుకి కాస్త కలుపుతాడు, గ్రేడు ఒక మెట్టు పైకి రాస్తాడు. నా కింద సైటు ఇంజినీరు ఉంటాడు, అతను చెక్క సెంట్రింగ్ తొందరగా విప్పాలని "ఒక బస్తా ఎక్కువ వెయ్యండి" అంటాడు. వీళ్ళకు తోడు నిబంధనలు. చాలాచోట్ల ప్రమాణాల్లో బలం, మన్నిక ఎంత కావాలో చెప్పి ఊరుకోరు, ఘనపు మీటరుకు సిమెంటు కనీసం ఇంత ఉండాలని కూడా రాస్తారు. నీళ్ళు ఎక్కువైపోయే రోజుల్లో, ప్లాస్టిసైజర్లు లేని రోజుల్లో రాసిన జాగ్రత్త అది. ఇప్పుడు అంత సిమెంటు లేకుండానే అంత మన్నిక తేవచ్చని చూపించినా, కాగితం ఒప్పుకోదు. తిలా పాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్ళకి చిన్నదే.

నేను అడిగేది చిన్న మార్పు. వంటకం ఎలా చెయ్యాలో రాయకండి, రుచి ఎలా ఉండాలో రాయండి. బలం ఇంత, ఉప్పు లోపలికి చొరబడే వేగం ఇంతకు మించకూడదు, కార్బన్ ఇంతకు మించకూడదు. మూడో అంకె కొత్తది. అది కాగితం మీదికి వచ్చిన రోజు, 35 వచ్చినందుకు శభాష్ అనేముందు ఎవరో ఒకరు తల ఎత్తి చూస్తారు.

28 రోజుల గురించి కూడా ఒక మాట. 28 ఎక్కడి నుంచి వచ్చిందో గానీ వేదవాక్కు అయిపోయింది. పునాదిలో పోసిన కాంక్రీటు మీదికి పూర్తి బరువు వచ్చేసరికి ఎన్నో నెలలు పడుతుంది. అయినా దాన్నీ 28 రోజులకే తేల్చాలి. స్లాగ్ సగం వేసిన కాంక్రీటు మెల్లగా ఎదుగుతుంది, 56కో 90కో అడిగితే మామూలు సిమెంటుని దాటేస్తుంది. 28కే అడిగితే దానికి ఇంకాస్త సిమెంటు తాగించాలి. పరీక్ష తేదీ మార్చడానికి బట్టీలో ఒక్క ఇటుక కదిలించక్కర్లేదు.

డిజైన్ వైపు కూడా ఎంతో ఉంది, అది నా పని కాదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బల్లపరుపు స్లాబులో కాంక్రీటు చాలావరకు తన బరువు తానే మోసుకోవడానికి ఉంటుంది. జూరిక్‌లో ఫిలిప్ బ్లాక్ బృందం వంపు తిరిగిన పలచని గుల్లకి పక్కటెముకలు పెట్టి, మామూలు స్లాబు కన్నా 70 శాతం తేలికైన అంతస్తులు చేసి చూపించింది. అంత దూరం పోకపోయినా, పిల్లర్ల మధ్య దూరం కాస్త తగ్గిస్తేనే స్లాబు మందం తగ్గుతుంది. కాకపోతే ఈ మాట ఇల్లు గీసేవాళ్ళు మొదటి రోజే వినాలి.

ఇప్పుడు నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళ సంగతి. "క్లింకర్ ఎంత తగ్గించినా సున్నా అవదు కదా, మిగిలినదాన్ని పట్టి పాతెయ్యడమే దారి" అంటారు. నిజం. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ఫ్యాక్టరీ 2025 జూన్‌లో ఆ పని మొదలుపెట్టింది. బట్టీ నుంచి వచ్చే వాయువుని అమీన్ ద్రావణం గుండా పంపి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, ద్రవంగా మార్చి, ఓడల్లో పడమటి తీరానికి పంపి, ఉత్తర సముద్రం అడుగున 2600 మీటర్ల లోతున రాతి పొరల్లోకి ఎక్కిస్తారు. ఏడాదికి 4 లక్షల టన్నులు. ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో సగం. ఆ వీడియోలు చూసినప్పుడు నాకు గొప్పగా అనిపించింది. మూసలోంచి పోయినదాన్ని పట్టుకున్నారు మరి.

తర్వాత కాగితం మీద భాగారం వేశాను. సిమెంటు వల్ల ప్రపంచం మొత్తం మీద ఏటా పోయేది 200 కోట్ల టన్నులకు పైనే. బ్రెవిక్ లాంటివి 5000 కావాలి. ఒక్కోదానికి పైపులు, ఓడలు, పాతడానికి తగిన రాతిపొర, బట్టీ వేడికి తోడు ఇంకా బోలెడంత శక్తి. చాలా ఫ్యాక్టరీలు సముద్రానికి వందల కిలోమీటర్ల లోపల, సున్నపురాయి గనుల పక్కన ఉంటాయి. ప్రపంచ సిమెంటు కంపెనీల సంఘం 2021లో ప్రకటించిన 2050 ప్రణాళికలో తగ్గింపులో 36 శాతం ఈ పట్టి పాతే పద్ధతి మీదే పెట్టుకున్నారు. అదే ప్రణాళికలో డిజైన్, నిర్మాణాల్లో పొదుపుకి 22 శాతం ఇచ్చారు. రెండో అంకె గురించి పోస్టర్లు వెయ్యరు. తక్కువ అమ్మండి అని ఏ కంపెనీ పోస్టరు వేస్తుంది?

పట్టి పాతడం వద్దని నేను అనను. సగం క్లింకర్ తీసేశాక మిగిలే సగానికి అది కావాల్సిందే. ముందు సగం తీసెయ్యండి, అప్పుడు 5000 కాస్తా 2500 అవుతుంది. బరువు తగ్గకముందే పెద్ద సైజు చొక్కాలు కుట్టించుకోవడం ఎందుకు?

కాంక్రీటు గాలిలోని కార్బన్‌ను మళ్ళీ పీల్చుకుంటుంది కదా అని ఇంకో వాదన ఉంది. పీల్చుకుంటుంది. 1930 నుంచి 2013 దాకా రాయిలోంచి పోయినదాంట్లో సుమారు 43 శాతం కాంక్రీటు, గారలు మళ్ళీ లాక్కున్నాయని 2016లో ఒక పరిశోధన లెక్క వేసింది. అయితే అది దశాబ్దాల మీద జరిగే పని, గాలి వేడెక్కేది ఈ దశాబ్దంలో. పైగా మనం కాంక్రీటులో ఉక్కు కడ్డీలు పెడతాం. సున్నం ఉన్నంతకాలం ఆ కడ్డీ చుట్టూ క్షారగుణం ఉండి తుప్పు పట్టదు. కార్బన్ డయాక్సైడ్ లోపలిదాకా చేరితే ఆ రక్షణ పోతుంది. కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటుని లోపలి నుంచి పగలగొడుతుంది. మన వృత్తిలో ఆ "పీల్చుకోవడాన్ని" రోగం అంటాం. రోమన్ కాంక్రీటు రెండు వేల ఏళ్ళు నిలిచింది, మనది యాభై ఏళ్ళకే పోతోంది అని వచ్చే ఫార్వర్డ్ మెసేజులకి సగం జవాబు కూడా ఇదే. వాళ్ళు కడ్డీలు వెయ్యలేదు బాబూ. కూల్చేసిన భవనాల కాంక్రీటుని పొడి చేసి, అప్పుడు కార్బన్ తాగించడం మాత్రం మంచి ఆలోచనే. అక్కడ కాపాడాల్సిన కడ్డీ ఉండదు.

రాయినే కాల్చకుండా సున్నం తీసే ప్రయత్నాలూ నడుస్తున్నాయి. అమెరికాలో సబ్‌లైమ్ సిస్టమ్స్ అనే సంస్థ కరెంటుతో, మామూలు ఉష్ణోగ్రతలకు దగ్గర్లోనే సున్నం విడదీసే పద్ధతి తెచ్చింది. బ్రిమ్‌స్టోన్ అనే ఇంకో సంస్థ సున్నపురాయి బదులు, కార్బన్ లేని కాల్షియం సిలికేటు రాళ్ళు వాడుతోంది. ఇవి గెలవాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ ఏటా 400 కోట్ల టన్నుల సరుకుని, ఎక్కడపడితే అక్కడ చవగ్గా దొరకాల్సిన సరుకుని మార్చడం ఫోను మోడల్ మార్చినట్టు ఉండదు. కట్టిన బట్టీ 30, 40 ఏళ్ళు నడుస్తుంది.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నాకు గొంతు పెగలదు. ఇంకా ఇళ్ళు, ఆసుపత్రులు, మంచినీటి ట్యాంకులు కట్టుకోవాల్సిన దేశాలున్నాయి. ముందే అన్నీ కట్టేసుకున్నవాళ్ళు ఇప్పుడు సిమెంటు తగ్గించమనడం ఏం న్యాయం? న్యాయం కాదు. అందుకే నేను గోడ తగ్గించమనడం లేదు, గోడలో క్లింకర్ తగ్గించమంటున్నాను. కొత్తగా కట్టేవాళ్ళకి అందులో ఒక వెసులుబాటు కూడా ఉంది. కేయొలిన్ మట్టి ఎక్కువగా ఉండేది వేడి, వాన కలిసిన ఉష్ణమండల దేశాల్లోనే. వాళ్ళలో చాలామంది ఇప్పుడు క్లింకర్‌ని ఓడల్లో దిగుమతి చేసుకుంటున్నారు, కాళ్ళ కింద మట్టి పెట్టుకుని.

ఐరోపా 2026 జనవరి నుంచి దిగుమతి అయ్యే సిమెంటు మీద కార్బన్ రుసుము లెక్క మొదలుపెట్టింది, తన సొంత ఫ్యాక్టరీలకు ఉచితంగా ఇస్తూ వచ్చిన కార్బన్ అనుమతులను 2034 నాటికి ఆపేస్తోంది. 2005 నుంచి కార్బన్ మార్కెట్ ఉన్నా, ఆ ఉచితాల వల్ల క్లింకర్‌కి ధర పెద్దగా తగల్లేదు. ధర తగిలితే బల్ల దగ్గర చెయ్యి 340 రాయడానికి కాస్త ఆలోచిస్తుందేమో. నా చెయ్యి సంగతి చెబుతున్నాను.

ఈమధ్య ఒక పునాది పనికి సగం స్లాగ్ మిక్సు ఇచ్చాను. 310 దాటలేదు, అందులో సగమే సిమెంటు. ఏడో రోజు క్యూబు 14 దగ్గర పగిలింది. మధ్యాహ్నానికే సైటు నుంచి ఫోను. టెన్షన్ పడొద్దని వాళ్ళకి చెప్పాను గానీ, పడింది నేనే. 28వ రోజున 26.5. గ్రేడు 25. పాసయింది, కానీ నా ఉద్యోగ జీవితంలో ఇంత దగ్గరగా పాసయిన క్యూబు ఇదే. సీనియర్ మేనేజరు రిజల్టు కాగితం చూసి, ఇంకెప్పుడూ ఇంత అంచున నడవకు అన్నాడు. నేను రిజిస్టర్ తీసుకుని, 7, 28 అని అచ్చయిన గళ్ళ పక్కన స్కేలు పెట్టి పెన్నుతో ఇంకో గీత గీశాను. పైన 56 అని రాశాను. మూడు క్యూబులు ఇంకా తొట్టిలో ఉన్నాయి. ఇవాళ్టికి ఇంకా తొమ్మిది రోజులుంది.